మూతలక్క ముక్కు

పాల డబ్బా మూత తీయగానే లోపలికి తొంగిచూసేవాడు పనికి కొత్తవాడని ఇట్టే చెప్పేయవచ్చు. చేయి తిరిగినవాళ్లు డబ్బా వంక చూడనే చూడరు; మూతను వెల్లకిలా తిప్పి, దాని అడుగును ముక్కు దగ్గరికి తెచ్చుకుంటారు. పాలలో ఏ దోషం పుట్టినా అది ముందు ఆవిరిగా పైకి లేచి, మూత అడుగున చెమ్మలో నక్కి కూర్చుంటుంది. మూత తెరిచిన మొదటి ఊపిరిలోనే దాన్ని పట్టుకోవాలి. రెండో ఊపిరికి అది గాలిలో కలిసిపోతుంది. ఆ పాల కేంద్రంలో సగం జీవితం ఇలా మూతలెత్తుతూ గడిపినందువల్ల ఆమెకు మూతలక్క అన్న పేరు స్థిరపడింది. తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టిన పేరు హాజరు పట్టీలో మాత్రమే మిగిలింది.

కేంద్రమంటే పెద్ద భవనమేమీ కాదు. రేకుల కప్పు కింద, వ్యాను ఎత్తున కట్టిన సిమెంటు అరుగు. అరుగు మీద డబ్బాలు దొర్లుకుంటూ రావడానికి ఇనుప రోలర్ల బాట. ఆ బాట మొదట్లో మూతలక్క, చివర తూకపు తొట్టి, తొట్టి వెనుక అద్దాల గదిలో ల్యాబు, దానికి అవతల నిలువెత్తు ఉక్కు ట్యాంకు. తెల్లవారేసరికి సైకిళ్ల మీద, వ్యాన్లలో, తోపుడు బళ్ల మీద పాలు వచ్చేవి. మూతలక్క మూత ఎత్తి, ఊపిరి పీల్చి, గడ్డం కిందికి దించితే డబ్బా ముందుకు దొర్లేది. అలా కాక, పని కోటు జేబులోంచి సుద్దముక్క తీసి డబ్బా భుజం మీద ఇంటూ గుర్తు గీసిందంటే అది వచ్చిన దారినే ఇంటికి పోయేది. ల్యాబులో వెన్న శాతం కొలిచే యంత్రం ఉంది, పులుపు తేల్చే మందు ఉంది. కానీ ప్రతి డబ్బాకూ ఆ పరీక్షలు చేస్తూ కూర్చుంటే ఈలోగా మిగతా పాలు విరిగి ఊరుకుంటాయి. కనుక మొదటి తీర్పు ముక్కుదే. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

ఆమెకు ఈ పని నేర్పినవాడు పాత మేస్త్రీ. ఆయన పెట్టిన నియమం ఒక్కటే.

"మూతల పని అయ్యేదాకా నోట్లో మంచినీళ్లు తప్ప ఇంకేం పడకూడదు. ఆకలేసిన కుక్క ముక్కు చూశావా? కడుపు నిండిన కుక్క ముక్కు చూశావా? అంతే తేడా."

"అంటే నన్ను కుక్కంటారా మేస్త్రీగారూ?"

"కుక్కంత గొప్పదానివైతే నీతో నాకీ బాధెందుకే తల్లీ!"

ఇక్కడ కాస్త పక్కదారి పట్టక తప్పదు. మన భాష ముక్కుకు అప్పగించిన పనులు చూస్తే ముక్కున వేలేసుకోవలసిందే. కోపం ముక్కు మీద ఉంటుంది. దారి ముక్కుకు సూటిగా ఉంటుంది. బాకీని ముక్కు పిండి రాబడతారు. పొగరుబోతుకు ముక్కుతాడు వేస్తారు. వీటిలో వాసన ఊసెత్తినది ఒక్కటైనా లేదు! ముక్కు తన అసలు పనిని ఎంత చప్పుడు చేయకుండా చక్కబెడుతుందంటే, చేయించుకునేవాడికే అది గుర్తుండదు. చూపు పోతే గుడ్డి అన్నాం, వినికిడి పోతే చెవిటి అన్నాం, మాట పోతే మూగ అన్నాం. వాసన పోయినవాడిని పిలవడానికి మాత్రం నలుగురి నోట నలిగిన పదం ఒక్కటీ లేదు. పేరు లేని నష్టాన్ని నష్టమని గుర్తుపట్టడానికి మనిషికి చాలా కాలం పడుతుంది. మూతలక్క విషయంలో జరిగింది అదే.

మేస్త్రీ పోయాక కూడా ఆమె చాలా ఏళ్లు నియమం తప్పలేదు. తరువాత అరుగు పక్కనే క్యాంటీను వచ్చింది. చలిగాలిలో నిలబడి పనిచేసేవాళ్లకు పొగలు కక్కే టీ, పంచదార అద్దిన బన్ను కళ్లెదుటే ఊరిస్తుంటే కుక్క నీతి ఎంతకాలం నిలుస్తుంది? ముందు ఒక్క గుక్క అనుకుంది, గుక్క గ్లాసైంది, గ్లాసుకు బన్ను తోడైంది. ఇంట్లోనూ అదే వరస. ఆమె భర్త బస్సు డ్రైవరుగా రిటైరై, స్టీరింగు వదిలిన చేతులతో గరిటె పట్టుకున్నాడు. ఆయన వంటకు మలుపులు లేవు. అన్ని కూరలూ నేరుగా నూనెలోకే వెళ్లేవి. "బాణలి కూడా బస్సులాంటిదే, నిండా ఎక్కిస్తేనే కళ" అనేవాడు.

ఆమెకు ఒళ్లు వచ్చింది. దాహం ఎక్కువైంది. పాదాల్లో అప్పుడప్పుడు చీమలు పాకినట్లుండేది. అన్నిటికీ కలిపి 'వయసు' అనుకుంది. వయసు పెద్ద సంచి. అందులో ఏ రోగాన్నైనా కుక్కేయవచ్చు.

"కూర చప్పగా ఉందండీ."

"చప్పగానా? రెండుసార్లు ఉప్పేశాను. ఇంకా వేస్తే సముద్రం వచ్చి మన గుమ్మంలో కాపురముంటుంది."

"అయితే నా నోరే బాగాలేదేమో. పోనీ, కాస్త పంచదార ఇటివ్వండి."

ఇలా పంచదార డబ్బా వంటింటి అలమర దిగి భోజనాల బల్ల మీదికి వచ్చింది. మరొక మార్పు కూడా వచ్చింది, కానీ దాన్ని ఆమె శుభవార్తగా తీసుకున్నది. పెళ్లైన కొత్తల్లోనుంచీ, ఆయన సిగరెట్టు కాల్చి వీధి మలుపు తిరగగానే ఆమె లోపలినుంచే "అక్కడే ఆగండి, నోరు కడుక్కుని రండి" అని కేకేసేది. ఈమధ్య అలా కేకేయవలసిన అవసరమే రావడం లేదు. పాపం, పెద్దతనంలోనైనా మానేశాడు అనుకుని లోలోపల సంతోషించింది.

అరుగు మీద మాత్రం పని ఆగలేదు. ముక్కు మసకబారుతుంటే ఆమె మోసానికి దిగిందా అంటే, లేదు. ఆ మాట గట్టిగా చెప్పాలి. పులిసిన పాలు తెచ్చినవాడికి చూపు ఒకచోట నిలవదు. అడగని కబుర్లు చెబుతాడు. మూత మీదినుంచి చేయి తీయడు. ఇవన్నీ ఆమెకు మొదటినుంచీ తెలిసినవే. పూర్వం ముక్కు తీర్పు చెబితే ఎదుటివాడి ముఖం దానికి సాక్ష్యం పలికేది. ఇప్పుడు సాక్షే లేచి న్యాయమూర్తి కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ చేతులు మారిన సంగతి ఆమెకే తెలియలేదు. మూత ఎత్తేది, ఊపిరి పీల్చేది, కళ్లు మాత్రం ఎదుటివాడి మీద ఉండేవి. నిబ్బరంగా నిలబడినవాడి డబ్బా దొర్లిపోయేది.

అటువంటి రోజుల్లో గొడుగాయన దొరికాడు.

గొడుగాయనకు ఒకే ఆవు, ఒకే డబ్బా, ఒకే సైకిలు. సైకిలు వెనుక డబ్బాకు ఎండ తగలకుండా, వాన పడకుండా గొడుగు కట్టి, తాను మాత్రం నెత్తి మీద ఏమీ లేకుండా వచ్చేవాడు.

"నీకూ ఒక గొడుగు కొనుక్కోరాదా తమ్ముడూ?" అని మూతలక్క అడిగితే, "నేనేమన్నా పులిసిపోతానా అక్కా!" అని నవ్వేవాడు.

ఆ రోజు నవ్వలేదు. గేటు వైపు, చేతి గడియారం వైపు, మళ్లీ గేటు వైపు చూస్తున్నాడు. పలకరిస్తే తడబడ్డాడు. మూత మీదినుంచి చేయి తీయడం మరిచాడు. మూతలక్క మూత తిరగేసి ఊపిరి పీల్చింది. ఏమీ తెలియలేదు. తలెత్తి అతని ముఖం చూసింది. సుద్దముక్క తీసింది.

"ఏమైందక్కా?"

"ఈ పాలు వద్దు, తీసుకెళ్లు."

అతను గొడుగు సరిచేసుకుని వెళ్లిపోయాడు. మర్నాడూ ఆ ముఖంతోనే వచ్చాడు, ఆ గీతతోనే పోయాడు. ఆ మరుసటి రోజు మాత్రం డబ్బా పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం వాసనక్కా?"

ఇన్నేళ్లలో ఆమెను ఆ ప్రశ్న అడిగినవాడు లేడు. "పులుపు" అంది, నోటికి వచ్చిన మొదటి మాట.

"పులుపా..." అని అతను తనలో తాను అనుకుంటూ సైకిలు తిప్పుకున్నాడు.

పని ముగిశాక మూతలక్క అరుగు కడిగే గొట్టంతో బూట్లు కడుక్కుంటుంటే ల్యాబు అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. రసాయనశాస్త్రం చదువుకుని ఏడాది కిందటే చేరిన పిల్ల. మాట తక్కువ, చూపు ఎక్కువ.

"పెద్దమ్మా, ఒక మాటడిగితే ఏమనుకోరు కదా?"

"అడగకముందే ఏమనుకోవాలో చెబితే ఎలాగే?"

"ఆ గొడుగాయన పాలు పులవలేదు. గేటు దగ్గర ఆపి చుక్క తీసుకుని పరీక్ష చేశాను. బాగున్నాయి. రండి, తీసుకుంటామంటే ఆయనే రానన్నాడు. అక్క వద్దన్నాక వద్దంతే అన్నాడు."

"నిన్నగాక మొన్నొచ్చి నా ముక్కుకి పరీక్ష పెడతావా నువ్వు?"

ఆ అమ్మాయి తల దించుకుంది, కానీ కదల్లేదు. "చాలా రోజుల్నుంచి మీరు వదిలిన డబ్బాల్లో కొన్ని పులిసినవి ఉంటున్నాయి పెద్దమ్మా. తూకం దగ్గర నాకు వాసన తెలుస్తోంది. ట్యాంకులోకి పోనివ్వకుండా పక్కన పెట్టిస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు కదా..." అని ఆగింది. "మీరు వదిలినవైతే నేను పట్టుకోగలను. మీరు వెనక్కి పంపినవి గేటు దాటిపోతాయి. వాటన్నిటినీ ఎలా పట్టుకోను?"

గొట్టంలోంచి నీళ్లు పోతూనే ఉన్నాయి. కట్టాలన్న ధ్యాస ఇద్దరికీ కలగలేదు.

ఇంటికి వచ్చిన మూతలక్క తిన్నగా వంటింట్లోకి వెళ్లింది. వెల్లుల్లి రెబ్బ చిదిమింది. బట్టల సబ్బు కాగితం విప్పింది. కాఫీ పొడి డబ్బా మూత తీసి, అలవాటు ఎక్కడికి పోతుంది, తిరగేసి ముక్కు కింద పెట్టుకుంది. ఉల్లిపాయ కోస్తే కళ్లకు తెలిసింది, ముక్కుకు తెలియలేదు. మూసిన తలుపుల వెనుక ఎవరో మాట్లాడుకుంటున్నట్లు, గొంతు వినిపించి మాట అర్థం కానట్లు, ఏదో ఉండీ లేనట్లుంది. బల్ల నిండా మూతలు పరిచి, వాటి మధ్య కూలబడింది.

బజారునుంచి వచ్చిన భర్త గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏమిటిది? కొట్టు పెడుతున్నావా?"

"నాకు వాసన రావట్లేదండీ."

"దేని వాసన?"

"దేనిదీ."

ఆయన చేతిలో సంచి మెల్లగా కింద పెట్టాడు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. చాలాసేపు తల గోక్కున్నాడు. "అంటే... నువ్వు నన్ను తిట్టడం మానేసింది ఇందుకా?"

"మిమ్మల్నెందుకు తిట్టాలి?"

"సిగరెట్టుకి. ఏడాదై ఉంటుంది మళ్లీ మొదలెట్టి. మొదట్లో భయపడుతూ వచ్చేవాణ్ణి. నువ్వు ఏమీ అనలేదు. మెట్ల మీదే కాల్చి లోపలికొచ్చాను, అయినా అనలేదు. ఇక వీడితో నాకేంటని వదిలేశావనుకున్నాను." ఆయన జేబులోంచి అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. "తిట్టు తిన్నంత కాలం ఇల్లు ఇల్లులా ఉండేది."

"ఏడాదిగా తాగుతున్నారా!" మూతలక్క లేచింది. బల్ల మీది మూతలు గలగలమన్నాయి. తనివితీరా తిట్టింది. ఆయన తల వంచుకుని, వానలో నిలబడ్డ రైతులా, ఆ తిట్లలో హాయిగా తడిసిపోయాడు. తిట్టి తిట్టి ఆమె ఏడ్చింది. "ముక్కు లేకపోతే నేనెవర్నండీ?" అంది.

మర్నాడు ఇద్దరూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. రక్తం తీశారు; ఫలితం మరునాటికి వచ్చింది. షుగరు ఉండవలసిన చోటుకు చాలా పైన ఉంది.

"దానికీ ముక్కుకీ ఏంటమ్మా సంబంధం?"

"ముక్కులో వాసన పట్టే నరాలు చాలా సున్నితం. వాటికి రక్తం తీసుకెళ్లే దారులు ఇంకా సన్నం. ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువుంటే ఆ దారులూ నరాలూ దెబ్బతినొచ్చు. పాదాల్లో చీమలు పాకుతున్నాయన్నారే, అదీ ఆ కోవదే. షుగరున్న అందరికీ ఇలా కావాలని లేదు. మీకు ఇదొక్కటే కారణమని కూడా నేను ఒట్టేయలేను. వయసుంది, జలుబులున్నాయి. ముక్కు డాక్టరు కూడా చూడాలి."

మూతలక్క మేస్త్రీ నియమం సంగతి చెప్పింది. డాక్టరమ్మ ఆసక్తిగా విన్నది.

"ఆయన మాటలో నిజముంది. ఆకలి మీద ముక్కు చురుగ్గా ఉంటుంది, కడుపు నిండితే మందగిస్తుంది. కడుపూ ముక్కూ ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. తిండి గాడి తప్పితే ఆ కబుర్లూ గాడి తప్పుతాయి. కానీ ఆ నియమం ఇప్పుడు మీకు పనికిరాదు. మాత్రలు వేసుకుని ఖాళీ కడుపుతో నిలబడితే అరుగు మీదే పడిపోతారు. తీపి లేకుండా కాస్త తినే వెళ్లండి."

"నా వేపుళ్లే దీని ముక్కు కోశాయంటారా?" అన్నాడు భర్త, బిక్కచచ్చిపోయి.

"వేపుళ్లూ, బన్నులూ, మీ సిగరెట్లూ కలిసి. పొగ పక్కవాళ్ల ముక్కునీ వదలదండీ."

"మళ్లీ వస్తుందా అమ్మా?" అంది మూతలక్క.

"కొంత రావచ్చు. రాకపోవచ్చు. షుగరు అదుపులోకి తెచ్చేది కళ్ల కోసం, కాళ్ల కోసం, మూత్రపిండాల కోసం. ముక్కు వస్తే లాభమనుకోండి."

బయటికి వచ్చాక ఆమెకు తన రోగం నడిచిన తీరు అర్థమయింది. వాసన తగ్గితే రుచి తగ్గింది. రుచి తగ్గితే నాలుక తీపిని, ఉప్పును, నూనెను అడిగింది. అడిగినవన్నీ ఇస్తే వాసన ఇంకా తగ్గింది. గానుగెద్దు తాను ముందుకే పోతున్నాననుకుంటుంది. కళ్లకు గంతలుంటాయి కదా, పాపం దానికేం తెలుసు!

కేంద్రానికి వెళ్లి సూపర్వైజరుకు సంగతంతా చెప్పింది. అతను మంచివాడే, మంచివాళ్లకు సహజమైన బలహీనతతో గొంతు తగ్గించాడు.

"బయట అనకండక్కా. మీ పేరు మీదే ఈ అరుగు నడుస్తోంది. ఆ అమ్మాయి వెనక ఎలాగూ చూసుకుంటోంది. మీరు మూత ఎత్తండి చాలు."

ఆ మాటలో ఎంత హాయి ఉందో మూతలక్కకు తెలిసింది. పేరుంటుంది, పని ఉంటుంది, గౌరవముంటుంది. కడుపులో చల్ల కదలదు. ఆమె దాదాపు సరేననబోయింది.

"మరి ఆ గొడుగాయన రెండు రోజుల్నుంచి రావట్లేదటగా, ఏం?" అని అడిగింది.

"ఆయనా? ఆవుకేదో జబ్బుందట. అమ్మేస్తున్నాడని విన్నాను."

మూతలక్క ఆ అడుగునే వెనుదిరిగింది.

గొడుగాయన ఇల్లు ఊరి చివర, ఒక గది, ఒక వసారా. పక్కన కొట్టం అద్దంలా కడిగి ఉంది. డబ్బాను ఎంత తోమాడంటే దాని భుజం మీది సుద్దగీత ఉన్నచోట లోహం మెరుస్తోంది. గోడ వారగా నేల తెల్లగా చారలు కట్టి, దాని నిండా ఈగలు. వసారాలో మంచం మీద అతని భార్య, కాలికి పిండికట్టుతో పడుకుని ఉంది.

"కాలికేమైందమ్మా?"

"కొట్టంలో జారిపడ్డానక్కా, పది రోజుల కిందట. ఈయనే పాలు పిండాలి, వంట చెయ్యాలి, నన్ను ఒంటరిగా వదిలి మీ దగ్గరికి పరిగెత్తాలి. మనిషి ఇక్కడుంటే మనసక్కడ, మనసిక్కడుంటే మనిషక్కడ."

గేటు వైపు, గడియారం వైపు పరుగెత్తిన ఆ చూపులేమిటో మూతలక్కకు ఇప్పుడు తెలిసింది. "ఆ గోడ దగ్గర తెల్లగా అదేంటి?" అంది, తెలిసి కూడా.

"పాలు. పారబోశాను" అన్నాడు గొడుగాయన. "పులిసినవి ఇంట్లో ఎందుకని."

"పులవలేదని నేను మొత్తుకున్నానక్కా!" అంది భార్య. "నాకు పులుపు రావట్లేదయ్యా అంటే, నీ ముక్కేమన్నా మూతలక్క ముక్కా అన్నాడు."

"మీరు చెప్పాక నాక్కూడా వచ్చిందక్కా" అన్నాడు అతను. "అంతకుముందు లేదు. మీరన్నాక మూత తీస్తే పులుపే. మేత మార్చాను, కొట్టం కడిగాను, అయినా పులుపే. ఆవులోనే దోషమనుకున్నాను. సాయంత్రం కొనేవాళ్లొస్తున్నారు."

ఒక మనిషి మాట, ఇంకొక మనిషి ముక్కులో లేని వాసన పుట్టించగలదని మూతలక్క ఎన్నడూ అనుకోలేదు. కొట్టంలో ఆవు ఆమె వంక చూసి తోక విదిలించింది.

"తమ్ముడూ, నీ పాలు మంచివి. ఆవు మంచిది. పోయింది నా ముక్కు. షుగరు వచ్చి వాసన పోయింది. నేను నీ ముఖం చూసి గీత గీశాను."

అతను నవ్వాడు. "నా ఇల్లు చూసి జాలిపడి అంటున్నారు మీరు. మీ ముక్కు పోవడమేంటక్కా!"

ఎంత చెప్పినా నమ్మలేదు. ఇన్నేళ్లూ సంపాదించుకున్న నమ్మకం గోడలా అడ్డం నిలిచింది. చివరికి మూతలక్క వసారా మెట్టు మీద కూర్చుని, కొంగుతో కళ్లకు గట్టిగా గంత కట్టుకుంది.

"ఇంట్లో ఘాటైనది ఏదున్నా తీసుకురా. ముక్కు కింద పెట్టు. చెబితే నీ మాట నిజం, చెప్పకపోతే నాది."

అతను లోపలికి వెళ్లి ఏదో తెచ్చి పెట్టాడు. ఆమె పీల్చింది. "ఏమీ లేదు."

"వెల్లుల్లక్కా అది" అంది మంచం మీదినుంచి భార్య, భయంగా.

మరొకటి తెచ్చాడు. "ఏమీ లేదు." అది కిరసనాయిలు గుడ్డ.

మూడోసారి అతను కొట్టం వైపు నడిచిన చప్పుడైంది. ఏదో మెత్తగా, వెచ్చగా ముక్కు దగ్గరికి వచ్చింది. మూతలక్క చాలాసేపు పీల్చింది. ఏదైనా ఒకటి చెప్పాలన్న పాత పంతం లేచింది. "సబ్బా?" అంది.

గంత విప్పి చూస్తే, గొడుగాయన దోసిట్లో పచ్చి పేడ పట్టుకుని రాతిబొమ్మలా నిలబడి ఉన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. మూతలక్క ఆ పేడనూ, అతని ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. నవ్వు ఆపుకోలేకపోయింది.

"దీంతో స్నానం చెయ్యమని చెప్పలేదు, అదృష్టవంతుడివి" అంది.

మంచం మీద భార్య నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కాలు కదిపి "అమ్మా!" అని అరిచింది. గొడుగాయన చేతులు కడుక్కుని వచ్చి డబ్బా మూత తీశాడు. ఆ ఉదయం పాలు ఇంకా అందులో ఉన్నాయి, పారబోయడానికి అతనికి చేతులు రాలేదట. మూత తిరగేసి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. భార్యకు అందించాడు.

"పాల వాసన" అన్నాడు మెల్లగా, ఎవరైనా కాదంటారేమోనన్నట్లు.

"మొదటినుంచీ నేను చెప్పేది అదే" అంది ఆవిడ.

ఆవు అమ్మకం ఆగిపోయింది. మర్నాడు అరుగు మీద, అందరూ వింటుండగా, మూతలక్క సుద్దముక్కను ల్యాబు అమ్మాయి చేతిలో పెట్టింది. "మూత నీది. కళ్లు మూసుకుని పీల్చు. ఎదుటివాడి ముఖం చూశావో, చచ్చావే" అన్నది. సూపర్వైజరు ముఖం చిట్లించాడు కానీ నలుగురి ముందు ఏమీ అనలేకపోయాడు. మూతలక్కకు డబ్బాలు కడిగే వైపు పని ఇచ్చారు. కొందరు జాలిపడ్డారు, కొందరు గుసగుసలాడారు, ఎప్పుడో తమ డబ్బా తిప్పి పంపినందుకు ఇప్పుడు వెటకారమాడినవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఎవరి పాలు నిజంగా పులిసినవో, ఎవరివి కావో ఇక ఆమెకు తెలిసే దారి లేదు. ఆ సంగతి మాత్రం ఆమెను చాలా కాలం నిద్రపోనివ్వలేదు.

ఇంట్లో పంచదార డబ్బా మళ్లీ అలమర ఎక్కింది. డ్రైవరుగారు ఆవిరి మీద కూరలు ఉడికించడం నేర్చుకుని, "ఇది కొండదారి, మెల్లగా నడపాలి" అని గొణుక్కునేవాడు. సిగరెట్లు తగ్గించాడు, మానేశానని చెప్పుకున్నాడు కానీ దాన్ని నిర్ధారించే యంత్రం అప్పటికి మరమ్మతులో ఉంది. డాక్టరమ్మ చెప్పినట్లు మూతలక్క రోజూ పొద్దున కాస్త ఉడికించిన గింజలు తిని, మాత్ర వేసుకుని, వెల్లుల్లీ కాఫీ పొడీ సబ్బూ ఒక్కొక్కటిగా పీల్చి, బడికి కొత్తగా చేరిన పిల్లలా వాటి పేర్లు వల్లె వేసుకునేది. రక్తంలో చక్కెర దిగింది. ఒళ్లు తేలికైంది. పాదాల్లో చీమలు కొన్ని వెళ్లిపోయాయి. ముక్కు మాత్రం పలకలేదు.

చలికాలం ముగుస్తుండగా ఒక ఉదయం గొడుగాయన రోలర్ల బాట దగ్గర నిలబడి ఉన్నాడు. ల్యాబు అమ్మాయి వ్యాను దగ్గర ఉంది. మూతలక్క చేతులు తుడుచుకుని వచ్చి, ఊరికే, అలవాటు కొద్దీ అతని డబ్బా మూత ఎత్తి, కళ్లు మూసుకుని తిరగేసింది. ఏదో తగిలింది. సన్నని గీరుడులాంటిది. లోపలినుంచి వచ్చిందో, జ్ఞాపకంలోంచి వచ్చిందో పోల్చుకోలేకపోయింది. పూర్వమైతే వెంటనే ఒక పేరు పెట్టి ఉండేది. ఇప్పుడు పెట్టలేదు. మూత అతనికే అందించింది.

"ఏం వాసన తమ్ముడూ?"

అతను మూత పుచ్చుకుని పీల్చాడు. ముఖం ముడిచాడు. మళ్లీ పీల్చాడు.

"పొగ అక్కా. రాత్రి దోమలని కొట్టంలో పొగ వేశాను. పాలు అక్కడే పెట్టి మరిచిపోయాను."

"అవును, అదే" అంది మూతలక్క, నెమ్మదిగా. ఆ గీరుడు ఇప్పుడు తన పేరు తాను చెప్పుకున్నది. ఆమె ఇంకొక ఊపిరి పీల్చింది. అప్పటికే అది గాలిలో కలిసిపోయింది.

ల్యాబు అమ్మాయి వచ్చి, కళ్లు మూసుకుని మూత చూసి, డబ్బా భుజం మీద ఇంటూ గుర్తు గీసింది. గొడుగాయన ముఖం చిన్నబుచ్చుకోలేదు.

"ఇవాళ తిప్పి పంపినా బాధ లేదక్కా. ఇవాళ వాసనుంది."

"పారబోయకు మళ్లీ."

"ఎందుకు పారబోస్తాను? పొగ వాసనంతే కదా, పాలు పాలే. మా ఆవిడ తాగుతుంది. కాలికి బలం."

డబ్బాను సైకిలుకు కట్టాడు. ఎండ ఇంకా రాలేదు, వాన సూచన కూడా లేదు. అయినా తిరిగి వెళ్తున్న ఆ పాలకు గొడుగు విప్పి, సరిగ్గా మధ్యకు జరిపి, తాను ఉత్త తలతో గేటు దాటాడు. మూతలక్క కడగవలసిన మూతల కుప్ప దగ్గరికి వెళ్లి కూర్చుంది. మొదటిదాన్ని నీళ్లలో ముంచబోయి ఆగి, కళ్లు మూసుకుని, తిరగేసింది.